ఊరి కథను ఊరివారే ఆడుకుంటే

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ రెండు నెలలలో అందిన ఉత్తరాలలో నాలుగింటిని ఈసారి ఒకచోట చేర్చాను. ఒకటి బళ్ళారిలో ఆగి చూడవలసినదేమైనా ఉన్నదా అని అడిగిన దంపతులది. మిగిలినవి తమ ఊరి చరిత్రను తామే నాటకంగా ఆడాలనుకుంటున్నవారివి. ఎవరికి వారు రాసినవే అయినా ఇవి ఒకే మాటకు సంబంధించినవి. ఎందుకంటే, తెలుగులో చారిత్రక నాటకం గురించి మాట్లాడేవారు ఎవరైనా బళ్ళారి దగ్గర కాసేపు ఆగక తప్పదు.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగ విరమణ చేసి విజయవాడలో ఉంటున్నాము. మాఘమాసంలో హంపీ వెళ్ళాలని అనుకుంటున్నాము. గుంతకల్లు మీదుగా రైలులో వెళితే బళ్ళారి దారిలోనే తగులుతుంది. అక్కడ దిగుదామంటే, గనులూ దుమ్మూ తప్ప అక్కడేమున్నదని మా బంధువులు అంటున్నారు. ఒక రోజు ఆగవచ్చునా?

సమాధానం: తప్పక ఆగండి. హంపీకి ముందే ఆగండి, తిరుగు ప్రయాణంలో కాదు. కారణం కింద చెబుతాను.

మీ బంధువులు చెప్పినది అబద్ధం కాదు. ఇనుప ఖనిజం తవ్వకాల వల్ల ఆ జిల్లా పేరు ఎన్నో ఏళ్ళు వార్తలలో నలిగింది. కాని గుంతకల్లు నుంచి సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణించి బళ్ళారిలో దిగిన మనిషికి మొదట కనిపించేది గని కాదు, గుట్ట. ఊరి నడుమ రెండు పెద్ద రాతిగుట్టలు ఉన్నాయి. ఒకదానిని బళ్ళారి గుడ్డ అంటారు, రెండవదానిని కుంబార గుడ్డ అంటారు. మొదటి గుట్ట మీద కోట ఉన్నది. తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టండి. రాతిలో మలచిన మెట్లు ఎండెక్కితే కాలిపోతాయి, మోకాళ్ళు సహకరించని వారికి నీడ కూడా దొరకదు. పైకి వెళ్ళిన తరువాత మిమ్మల్ని ఆశ్చర్యపరిచేది కోట కాదు, నీరు. అంత ఎత్తున, ఒట్టి బండల నడుమ, రాతి చీలికలలో వాననీరు నిలిచే లోతైన దొనలు కనిపిస్తాయి. ముట్టడి వచ్చినప్పుడు ఆ గుట్ట మీది ప్రాణాలన్నీ ఆ నీటి మీదే ఆధారపడి ఉండేవని అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. పైకోటను పాలెగాడు హనుమప్ప నాయకుడు కట్టించాడు. అది చిన్నది, పెద్ద సైన్యం నివసించడానికి వీలైనది కాదు. 1769లో ఊరు తన చేతికి వచ్చిన తరువాత హైదరు అలీ గుట్ట కింద తూర్పు వైపున విశాలమైన కోటను కట్టించాడు.

గుట్ట దిగిన తరువాత ఫలహారానికి ఏదైనా చిన్న హోటలుకు వెళ్ళి, తాలింపు వేసిన బొరుగులూ మిరపకాయ బజ్జీలూ అడగండి. మన అనంతపురం, కర్నూలు జిల్లాల వారు ఉగ్గాని అని పిలిచేది అదే. అక్కడ కన్నడంలో ఒగ్గరణె అంటారు. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి అటు మైసూరుకు వెళ్ళింది. హద్దు మారినంత మాత్రాన ఇళ్ళలోని మాట మారలేదు. బజారులో ఒకే మనిషి బేరం ఒక భాషలో మొదలుపెట్టి మరొక భాషలో ముగించడం మీరే వింటారు.

ఇక అసలు విషయం. పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశకాలలో ఈ ఊరి న్యాయస్థానంలో పని చేసిన కొందరు వకీళ్ళు సాయంకాలాలు నాటకానికి ఇచ్చారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరస వినోదినీ సభ పేరిట తాను రాసిన నాటకాలను ఆడించారు. 1887లో ప్రదర్శించిన ఆయన తొలి తెలుగు నాటకం తరువాతి వారికి దారి అయింది. ఆయనను ఆంధ్ర నాటక పితామహుడని పిలుస్తారు. ఆయన సమకాలికులు కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభ తరఫున పురాణాన్ని కాక చరిత్రను రంగం మీదకు తెచ్చారు. వీరి తరువాతి తరంలో, ధర్మవరం వారి మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన రాఘవాచార్యులు (1880–1946), అంటే మనమందరం బళ్ళారి రాఘవ అని పిలుచుకునే మహానటుడు వచ్చారు. ఆయన కూడా వకీలే. వీరెవరికీ నాటకం జీవనాధారం కాదు. పగలంతా దావాలు వాదించి, రాత్రి దీపాల వెలుగులో పద్యాలు వల్లించినవారు వీరు. ఇప్పుడు మనం సామాజిక రంగస్థలం అని పెద్ద పేరు పెట్టి పిలుస్తున్న పనిని ఆ ఊరు ఏనాడో పేరు పెట్టకుండానే చేసింది. రాఘవ పేరిట ఊరిలో కళామందిరం ఉన్నది, ఎవరినడిగినా చూపిస్తారు. ఆ రోజు ప్రదర్శన ఏదైనా ఉందేమో ముందే కనుక్కోండి. కన్నడ నాటకమైనా సరే, కూర్చుని చూడండి.

హంపీకి ముందే ఎందుకు ఆగమన్నానంటే, కోలాచలం వారు పుట్టినది కమలాపురంలో. అది హంపీ శిథిలాల పక్కనే ఉన్న ఊరు. చిన్ననాట ఆడుకున్న నేల మీద విజయనగరమనే మహానగరం ఎందుకు కూలిపోయిందో అడగడానికి ఆయన నాటకం రాశారు. రామరాజు చరిత్ర అన్న ఆ నాటకం 1565లో జరిగిన రక్కసి తంగడి యుద్ధానికి సంబంధించినది. బళ్ళారిలో ఒక రోజు గడిపి, ఆ మనుషుల సంగతి మనసులో ఉంచుకొని సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని హంపీకి వెళ్ళినవారికి ఆ రాళ్ళు వేరుగా కనిపిస్తాయి. (2021లో జిల్లా విడిపోయింది కాబట్టి హంపీ ఇప్పుడు విజయనగర జిల్లాలో ఉన్నది. వసతి కోసం వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.)

మధ్యాహ్నం ఎండ తగ్గే వరకు రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట ఉన్న పురావస్తు ప్రదర్శనశాలలో గడపండి. ఊరికి దగ్గరలోని సంగనకల్లు గుట్టలలో కొత్త రాతియుగపు మనుషులు గొడ్డళ్ళు చెక్కిన చోటు బయటపడింది. అక్కడి కుప్పగల్లు గుట్ట మీద, కొడితే గంటలా మోగే బండలు ఉన్నాయి. చేతికి అందే ఎత్తున ఆ బండల మీద దెబ్బలు తిని నునుపుదేలిన గుంటలు కనిపిస్తాయి. వేల ఏళ్ళ కిందట అక్కడ ఎవరో ఎవరికోసమో ఆ రాళ్ళను మోగించారు. నాటకమంటే ఇష్టమున్న వారు ఆ గుంటల ముందు కాసేపు మౌనంగా నిలబడకుండా రాలేరు. సాయంత్రం కనకదుర్గమ్మ గుడికి వెళ్ళండి. అక్కడి సిడిబండి జాతర ఆ ప్రాంతమంతటికీ ప్రసిద్ధి. మాఘమాసంలో వాతావరణం బాగానే ఉంటుంది కాని, ఫాల్గుణం దాటితే మాత్రం ఆ ఊరికి వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను.

ప్రశ్న: మాది రాయదుర్గం వైపు ఒక పల్లె. ఏటా జాతరకు బయటి నుంచి నటులను పిలిపించి పౌరాణిక నాటకం ఆడిస్తాము. ఈసారి మేమే, పదిహేను మంది కుర్రవాళ్ళము, మా ఊరి బురుజు కట్టించిన పాలెగాడి కథ ఆడాలనుకుంటున్నాము. చరిత్ర పుస్తకాలలో మా ఊరి పేరే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎలా ఆడాలి?

సమాధానం: పుస్తకంలో పేరు లేదని దిగులు పడకండి. మీ ప్రాంతపు ఊళ్ళకు ఒక అదృష్టం ఉన్నది. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, ధారాదత్తం చేసిన కాలంలోనే కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి గ్రామాల వృత్తాంతాలను సేకరించే పని పెట్టుకున్నాడు. కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య మొదలైన తెలుగువారు ఆ పనికి వెన్నెముక. వారి మనుషులు ఊరూరా తిరిగి, కరణాలనూ పెద్దలనూ కూర్చోబెట్టి, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎప్పుడు తెగింది, ఏ దండు ఎటు నుంచి వచ్చింది అని అడిగి రాయించిన కాగితాలే కైఫియతులు. వాటి ప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియతులను సంపుటాలుగా అచ్చు వేసింది. మీ ఊరి కైఫియతు దొరకకపోయినా పక్క ఊరిది దొరకవచ్చు. పక్క ఊరివారు మీ పాలెగాడి గురించి చెప్పిన మాట మీ ఊరివారు చెప్పే మాట కంటె నాటకానికి ఎక్కువ పనికి వస్తుంది.

రెండవ ఆధారం దొరల రాతలు. థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు ఈ దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి పాలెగాళ్ళను అణచివేశాడు. బళ్ళారి జిల్లా గెజిటీరు 1904లో వెలువడింది, దానిలో కోటల కథలు చాలా ఉన్నాయి. అయితే ఒకే మనిషిని ఈ కాగితాలు ఎన్ని పేర్లతో పిలుస్తాయో గమనించండి. కలెక్టరు రాతలో అతడు దోపిడీదారు, కైఫియతులో ప్రభువు, మీ ఊరి పాటలో వీరుడు. మూడింటిలోనూ కనిపించని మనిషి ఒకడున్నాడు. పాలెగాడికి ఒకసారి, నవాబుకు ఒకసారి, కుంఫిణీకి ఒకసారి పన్ను కట్టిన రైతు అతడు. అతని మాట ఏ కాగితంలోనూ ఉండదు. దానిని మీరే రాయాలి. మీ పదిహేను మందిలో ఎక్కువమంది ఆ రైతుల మునిమనుమలే కదా!

కాగితాల కంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. అందరూ కలిసి ఒక ఉదయం బురుజు చుట్టూ నడవండి. ఎటు వైపు గోడ మందంగా ఉన్నది, బావి లోపల ఉన్నదా బయట ఉన్నదా, పైన నిలబడిన కాపలావానికి ఎంత దూరం వరకు బాట కనిపిస్తుంది, కింద నుంచి పిలిస్తే పైకి వినిపిస్తుందా అని చూడండి. ఒకడు పైకెక్కి, ఒకడు కింద నిలబడి, నాలుగు మాటలు అరిచి చూసుకోండి. నాటకంలోని సగం సన్నివేశాలు అక్కడే పుడతాయి. ఇంట్లో కూర్చుని రాసిన చారిత్రక నాటకంలో రాజు ఎప్పుడూ సింహాసనం మీదే ఉంటాడు, ఎందుకంటే రాసినవారికి అతడు వేరే ఎక్కడ కూర్చుంటాడో తెలియదు. బురుజు చూసినవారి నాటకంలో పాలెగాడు మెట్టు మీద కూర్చుని నీళ్ళ కుండ వైపు చూస్తాడు.

ప్రదర్శన సంగతులు కొన్ని. తెల్లవార్లూ ఆడే పద్ధతి మీ ఊరి పెద్దలకు అలవాటే కాని, మైకుసెట్టును సాధారణంగా రాత్రి 10 గంటల తరువాత అనుమతించరు. జాతర రోజులకు ప్రభుత్వం ఇచ్చే సడలింపు ఉంటే అర్ధరాత్రి వరకు వీలు కావచ్చు. పోలీసు స్టేషనులో ముందుగా రాతపూర్వకంగా అడగండి. ఏదెలా ఉన్నా మీ నాటకం గంటన్నర దాటకూడదు. కొత్త నటులు అంతకు మించి ఊపిరి నిలుపుకోలేరు, చూసేవారు అంతకు మించి క్షమించలేరు. అద్దె పరదాల మీది రాజమందిరం బొమ్మ మీకు అక్కరలేదు, బురుజు ఎదురుగానే ఉన్నది. పొద్దు వాలే వేళ దాని ముందే ఆడండి.

యుద్ధం ఎలా చూపాలన్నది పదిహేను మందితో ఆడేవారికి పెద్ద చిక్కు. చెక్క కత్తులతో నలుగురు కుర్రవాళ్ళు రంగం మీద అటూ ఇటూ పరుగెత్తితే ఎంత విషాదమైనా నవ్వులపాలవుతుంది. మీకు దూరం కాని ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. బళ్ళారిలోనే బెళగల్లు వీరణ్ణ స్వాతంత్ర్య పోరాట కథను తోలుబొమ్మలతో ఆడి చూపారు. పురాణమే ఆడాలన్న నియమం బొమ్మకు లేదని దీనివల్ల తెలుస్తుంది. ఒక్క యుద్ధ ఘట్టం వరకు తెల్లని తెర కట్టి, వెనుక దీపం పెట్టి, గుర్రాలనూ ఏనుగులనూ నీడలుగా నడిపించి, ఆ తెర పడిన వెంటనే గాయపడిన ఒకే ఒక్క మనిషిని రంగం మీదకు నడిపించండి. బొమ్మలాటవారిని పిలిచినప్పుడు మాత్రం వారికి తగిన పారితోషికం ఇవ్వండి. మీకు అది సరదా, వారికి అది కూడు.

ప్రశ్న: కడప జిల్లాలో ఉపాధ్యాయురాలిని. మా పట్టణపు కోట పతనం మీద పిల్లల చేతా, తల్లిదండ్రుల చేతా నాటకం ఆడిద్దామని కథ సిద్ధం చేశాను. ఒక వర్గం పెద్దలు ‘కోట తలుపు తీసిన ద్రోహి ఫలానా వంశంవాడే, అది దాచవద్దు’ అంటున్నారు. ఆ వంశంవారు ఇప్పటికీ ఊరిలో ఉన్నారు. దానికి రాతపూర్వకమైన ఆధారం ఏదీ లేదు, కథ మాత్రం అందరి నోటా ఉన్నది. చరిత్రకు విధేయంగా ఉండాలా, ఊరి శాంతికి విధేయంగా ఉండాలా?

సమాధానం: అమ్మా, మీ ప్రశ్న చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళ కిందట నేనూ ఇదే తప్పు చేశాను కనుక, దాని సంగతి ముందు చెప్పనివ్వండి.

మా ఊరి బడి ఆవరణలో మేము కొందరం కలిసి ఒక ముట్టడి కథ ఆడాము. కోటలో లెక్కలు చూసే ఉద్యోగి లంచం తిని రాత్రివేళ దిడ్డి తలుపు తీశాడని ఊరిలో అందరూ చెప్పుకునేవారు. నేను అతనికి మెల్లకన్ను పెట్టించి, నడుము వంచి నడిపించి, జనం చేత ఈసడింపజేశాను. చప్పట్లు బాగా వచ్చాయి. మూడవ వరుసలో తుంగచాప మీద కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం ఆ ఘట్టంలో లేచి, చెప్పులు చేత పట్టుకొని, ఎవరినీ పలకరించకుండా చీకటిలోకి నడిచి వెళ్ళిపోయింది. ఆ చెప్పులు చేత పట్టుకోవడం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉన్నది, అడుగుల చప్పుడు కూడా మాకు అడ్డు కాకూడదని ఆమె అలా చేసింది. ఆమె ఎవరో మరునాడు తెలిసింది. నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆమె నన్ను తిట్టలేదు. మజ్జిగ ఇచ్చి, ‘నాయనా, ఆ కథ మా ఇంట్లో కూడా చెప్పుకుంటారు. అయితే మా ఇంట్లో చెప్పేదానిలో, కోట లోపలి బావి ఎండిపోయి తొమ్మిది రోజులు అయింది. ఆయన తలుపు తీసింది డబ్బుకు కాదు, పిల్లలకు నీళ్ళు లేక’ అన్నది.

ఆమె మాటే నిజమని నేను చెప్పలేను. దానికీ కాగితం లేదు. కాని మేము ఆడిన కథకు మాత్రం ఎక్కడున్నది కాగితం? మేము రెండు కథలలో ఒకదానినే విని, అదే చరిత్ర అనుకొని, ఒక ఇంటిని వీధిలో నిలబెట్టాము. మరుసటి ఏడాది అదే నాటకాన్ని తిరిగి రాసి, తలుపు తీసే ఘట్టాన్ని రెండుసార్లు ఆడాము. మొదటిసారి చేతిలో డబ్బు సంచి, రెండవసారి ఖాళీ కుండ. నటుడు ఒక్కడే, మాటలు కూడా అవే. ఆ ఏడాది చప్పట్లు అంతగా రాలేదు. నాటకం అయిన తరువాత జనం మాత్రం చాలాసేపు కదలలేదు.

కాబట్టి నా సలహా ఇది. ఊరి శాంతి కోసం ఆ ఘట్టాన్ని తీసివేయవద్దు, తీసివేస్తే రచ్చబండ మీద అది ఇంకా చెడ్డగా బతుకుతుంది. వంశం పేరు మాత్రం పెట్టవద్దు. ఆధారం లేని నేరాన్ని బతికి ఉన్న మనుషుల ఇంటిపేరుకు తగిలించే హక్కు నాటకకర్తకు లేదు. రాయడానికి ముందే ఆ ఇంటికి వెళ్ళి, వాళ్ళు ఏమి చెప్పుకుంటారో వినండి. వినడానికి వెళ్ళిన మొదటి మనిషి మీరే కావచ్చు.

ఐతిహ్యాన్ని ఎలా పట్టుకోవాలో బళ్ళారి కోటే చెబుతుంది. హైదరు అలీ ఒక ఫ్రెంచి ఇంజనీరు చేత కోట కట్టించుకున్నాడట. పని పూర్తయిన తరువాత చూస్తే ఎదుటి కుంబార గుడ్డ కోట కంటె ఎత్తుగా ఉన్నదట. శత్రువు అక్కడ ఫిరంగి పెడితే కోట లోపలంతా కనిపిస్తుందన్న కోపంతో ఆ ఇంజనీరును ఉరి తీయించాడట. తూర్పు ద్వారం దగ్గర ఉన్న సమాధి అతనిదేనని కొందరు చెబుతారు. కాదు, అది ఒక మహాత్ముని సమాధి అని అక్కడి ముస్లింలలో చాలామంది నమ్ముతారు. ఒకే రాతి మీద ఒకరికి జాలి, మరొకరికి భక్తి! చరిత్రకారుడు ఆ సమాధి ఎవరిదో తేల్చాలి, అది అతని వృత్తి. నాటకం ఆడేవారికి ఆ అవసరం లేదు. ఆ సమాధి ముందు ఇద్దరు మనుషులను నిలబెట్టి, ఇద్దరి చేతా చెప్పిస్తే చాలు. చెప్పే ముందు ‘ఇది జనం చెప్పుకునే మాట’ అని సూత్రధారి చేత ఒక వాక్యం పలికించడం మరచిపోకండి. కాగితం ఉన్న సంగతికీ, నోటి మాటకూ తేడా చూసే పిల్లలకు కూడా తెలియాలి.

మీది కోట పతనం కథ కనుక మరొక మాట. పతనాన్ని రెండు మతాల తగాదాగా రాయడం చాలా సులభం, ఆ సులభమైన దారిలో నాటకం చచ్చిపోతుంది. రక్కసి తంగడి సంగతే తీసుకోండి. రామరాయలకు, అంటే కోలాచలం వారి నాటకంలోని రామరాజుకు, ఎదురు నిలిచిన సుల్తానులలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా ఒకడు. రాజు కాకముందు అతడు అన్నకు భయపడి పారిపోయి వచ్చి, 1543 నుంచి ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల నీడనే బతికాడు. తెలుగు నేర్చుకున్నాడు. తరువాత తెలుగు కవులను ఆదరించి, వారి నోట మల్కిభరాముడు అనిపించుకున్నాడు. బిజాపూరు అలీ ఆదిల్ షాను రామరాయలు కొడుకని పిలిచేవాడని చెబుతారు. అంటే 1565 జనవరి 23న ఆ మైదానంలో ఎదురెదురుగా నిలబడినవారు ఒకరి అన్నం ఒకరు తిన్నవారు. ఇది తెలిసిన తరువాత ఆ యుద్ధాన్ని మతం రంగుతో మాత్రమే రాయాలని ఏ నాటకకర్తకు అనిపిస్తుంది? కోలాచలం వారి నాటకంలో రాఘవకు ఎనలేని పేరు తెచ్చిన పాత్ర రామరాజు కాదు, పఠాను రుస్తుం. మీ నాటకంలో కూడా ఊరిలోకెల్లా మంచి నటుడికి ఎదుటి పక్షపు పాత్రను ఇచ్చి చూడండి. మీ పెద్దల అభ్యంతరాలలో సగం రిహార్సళ్ళలోనే కరుగుతాయి.

ప్రశ్న: చారిత్రక నాటకమంటే గ్రాంథికంలోనే మాట్లాడాలని మా బృందంలో కొందరు పట్టుబడుతున్నారు. ఆడవేషాలకు ఆడవాళ్ళు ముందుకు రావడం లేదన్నది మా రెండవ ఇబ్బంది. (కర్నూలు నుంచి)

సమాధానం: భాష విషయంలో వాదనకు దిగకుండా, వేదం వేంకటరాయశాస్త్రి గారి ప్రతాపరుద్రీయం తీసి ఒక అంకం బిగ్గరగా చదివించండి. 1897 నాటి నాటకం అది. శాస్త్రిగారు సంప్రదాయ పండితులు, గ్రాంథిక పక్షంవారు. అయినా కాకతీయుల కథలో చాకలి పేరిగాడు చాకలిలాగే మాట్లాడతాడు, మంత్రి మంత్రిలాగే మాట్లాడతాడు. పాత్రకు తగిన భాష అన్నది ఆయన సూత్రం. మీ నాటకంలో దర్బారు మాటలు కొంత గంభీరంగా ఉండనివ్వండి. సంతలోని మనిషి, కాపలావాడు, నీళ్ళు మోసే అమ్మ మీ కర్నూలు మాటే మాట్లాడాలి.

రెండవది భాష కంటె కష్టమైనది. మగవారే ఆడవేషం కడుతున్న రోజులలో బళ్ళారి రాఘవ, స్త్రీ పాత్రను స్త్రీయే ధరించాలని పట్టుబట్టి, కుటుంబ స్త్రీలను రంగం మీదకు ఆహ్వానించారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయన సరసన నటించారు. ఆ రోజులలో అది ఎంత నిందను తెచ్చిపెట్టేదో ఊహించుకోవచ్చు. మీ ఊరిలో ఆడవాళ్ళు రాకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాకపోవచ్చు. రిహార్సళ్ళు రాత్రి తొమ్మిదింటికి పెడుతున్నారా? ఎక్కడ పెడుతున్నారు? తిరిగి ఇంటికి ఎవరు దిగబెడుతున్నారు? ఆదివారం మధ్యాహ్నం, బడిలో, పిల్లలను కూడా తెచ్చుకోవచ్చునని చెప్పి చూడండి. పాత్రలు కూడా మార్చి చూడండి. ‘స్వామీ, యుద్ధానికి వెళ్ళకండి’ అని ఏడవడానికి ఎవరైనా ఎందుకు రావాలి? ముట్టడి రోజులలో కోట లోపల ఉన్న గింజలను కొలిచి, ఇంటింటికీ పంచి, ఇంకా ఎన్ని రోజులు వస్తాయో లెక్క చెప్పిన మనిషి ఎవరై ఉంటారు? ఆ పాత్రకు ఒక మానిక, ఒక చేట ఇచ్చి, రంగం మధ్యలో కూర్చోబెట్టండి. మొదటి రిహార్సలుకు మానిక ఎవరి ఇంటి నుంచి వస్తుందో, ఆ పాత్రను ముందుగా ఆ ఇంటి ఇల్లాలినే అడగండి.